లంక ఊళ్ళో మందులు ఉచితమైనా జనం ఎందుకు రారు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. గోదావరి గౌతమి పాయలో ఒక లంక ఊరికి, అంటే ఏటి నడుమ దీవిలాంటి ఊరికి, విలేజ్ క్లినిక్‌లో కొత్తగా చేరారు. పరీక్షలు ఉచితం, మందులు ఉచితం, పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) ఆరు కిలోమీటర్లే. అయినా గర్భిణులకి రక్తం పెరగట్లేదు, బీపీ వాళ్ళు రెండు నెలలు వచ్చి మానేస్తున్నారు, పిల్లల బరువు కార్డులో గీత కిందే ఉంటోంది. "జనానికి అవగాహన లేదు, ఎలా కల్పించాలి?" అని అడిగారు. చివర్లో ఇంకో ప్రశ్న: అమలాపురంలో ఉండి రోజూ వెళ్ళి రావచ్చా, ఊళ్ళోనే ఇల్లు తీసుకోవాలా అని.

ముందు జవాబు చెప్పేస్తాను. అవగాహన తక్కువే, కాదనను. కానీ మీరు చూస్తున్నదానిలో అది చిన్న ముక్క. మీ దగ్గర మందు ఉచితమే గానీ, మీ దగ్గరికి రావడానికి పట్టే రోజుకి ఖరీదుంది. ఆ ఖరీదు ఎంత, ఇంట్లో ఎవరు భరిస్తున్నారు, ఎవరికోసమైతే భరిస్తున్నారు, ఎవరికోసం భరించట్లేదు అన్నది కనిపెట్టగలిగితే మీ రిజిస్టర్లో ఖాళీ గళ్ళు చాలావరకు వాటంతటవే అర్థమవుతాయి.

నా సంగతి కాస్త చెప్పాలి. 1990లో ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్ళలో తిరిగే ప్రభుత్వ నర్సుగా చేరాను, 2024లో సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. ఉద్యోగమంతా కోనసీమలోనే, అందులోనూ సగానికి పైగా రేవు దాటి. డాక్టర్ని కాను. నేను చెప్పేవి లంకల్లో తిరిగి చూసినవి. మెరక మీది ఊళ్ళకి కొన్ని పొసగవు, ఏజెన్సీ కొండ ఊళ్ళకి అసలే పొసగకపోవచ్చు.

ముందుగా లంకలో కూలికెళ్ళే ఆడమనిషి వెంట ఒక్క రోజు తిరిగి చూడండి. తెల్లవారుజామున నాలుగింటికి లేస్తుంది. కూరగాయల కోత ఉంటే ఐదింటికల్లా పొలంలో ఉండాలి, బుట్టలు మొదటి పడవ ఎక్కాలి కాబట్టి. ఇల్లు చేరేసరికి ఒంటిగంటో రెండో. అప్పుడు పొయ్యి వెలిగించాలి. మీరు క్లినిక్ తొమ్మిదింటికి తెరుస్తారు, రక్త నమూనాలు మధ్యాహ్నంలోపు తీసి పంపాలంటారు. అంటే మీరున్నప్పుడు ఆమె పొలంలో ఉంది, ఆమె ఇంట్లో ఉన్నప్పుడు మీరు పడవలో ఉన్నారు.

ఇక ప్రతి నెలా 9వ తేదీన గర్భిణుల్ని డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తారు కదా, ఆ రోజు లెక్క వెయ్యండి. పడవ, ఆటో, అక్కడ వరస, మళ్ళీ ఆటో, మళ్ళీ పడవ. ఆమె కూలి పోయింది. ఒక్కతే వెళ్ళదు, అత్తగారో తోటికోడలో తోడు రావాలి, ఆ కూలీ పోయింది. దారిలో ఇద్దరికీ టిఫిను. అన్నిటికన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. కోతల రోజుల్లో జట్టులోంచి ఒక్కరోజు తప్పుకుంటే మేస్త్రీ మర్నాడు ఆ చోట్లో ఇంకొకరిని పెట్టుకుంటాడు. ఒక్క రోజు మానితే వారం పోయినట్టు. ఇంత లెక్కా ఆ అమ్మాయి నోటి మీద వేసుకుంటుంది, మనం కరపత్రం చేతిలో పెట్టి "అవగాహన" అంటాం.

డిగ్రీ లేకుండా ఊళ్ళో వైద్యం చేసే ఆర్‌ఎంపీ దగ్గరికి పరిగెడతారని మనకి కోపం. నాకూ ఉండేది. ఒకసారి ఒక పెద్దావిణ్ణి గట్టిగానే అడిగాను, "ఉచితంగా ఇచ్చే చోట మానేసి డబ్బులిచ్చి సూది పొడిపించుకుంటావేంటమ్మా" అని. "ఆయన రాత్రి ఎనిమిదింటికి మా గుమ్మంలోకొస్తాడండి. డబ్బులు లేకపోతే రాసుకుంటాడండి. మీరు రాసుకోరు కదండి" అంది. ఆవిడ సూది మందు కొనట్లేదు, పోబోయే రోజుని కొనుక్కుంటోంది, అదీ అరువు మీద. అనవసరపు సెలైన్లు, స్టెరాయిడ్లు, సగం కోర్సు యాంటీబయాటిక్కుల వల్ల జరిగే చేటు నాకు తెలుసు, దాన్ని సమర్థించట్లేదు. ఆవిడ తప్పు లెక్క వేయలేదని మాత్రం చెబుతున్నాను.

రక్తం మాటకొద్దాం, మీరు ఎక్కువ అడిగింది అదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉందని తేలింది. కాబట్టి మీ ఊరు వింతేం కాదు. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములుండాలి, 7 కంటే తగ్గితే ప్రమాదం, ఇవి మీకు నేను చెప్పక్కర్లేదు. ఐరన్ మాత్రలు 180 రోజులు ఇస్తున్నాం. ఇచ్చినవి ఎక్కడికి పోతున్నాయన్నదే ప్రశ్న.

ఒక ఇంట్లో బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే నేనిచ్చిన ఐరన్ మాత్రల పట్టీలు అన్నీ అలాగే దొరికాయి. ఆ పిల్ల ఏడ్చేసింది. తిట్టడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, ఎందుకని అడిగాను. పొద్దున్నే వేసుకోమన్నారు కదా అంది. పొద్దున్నంటే ఆమెకి నాలుగున్నర, ఖాళీ కడుపు. పొలంలో వాంతి, కళ్ళు తిరగడం. రెండోసారి అలా అయితే మేస్త్రీ వద్దంటాడని భయం. ఇంట్లోవాళ్ళకి మలం నల్లగా పోతే బిడ్డకి ఏదో అవుతుందని ఇంకో భయం. రాత్రి అన్నం తిన్నాక, పడుకోబోయే ముందు వేసుకోమన్నాను. ఖాళీ కడుపున వేసుకుంటే ఒంటికి బాగా పడుతుందని మనం చదువుకున్నాం, నిజమే. బియ్యం డబ్బాలో ఉన్న మాత్ర మాత్రం ఎప్పటికీ పట్టదు. టీకీ మాత్రకీ మధ్య గంటన్నా ఎడం ఉండాలని చెప్పాను. మర్నెల వెళ్ళినప్పుడు ఖాళీ పట్టీలు తనే తెచ్చి చూపించింది.

తిండి సంగతి ఇంకా చేదు. లంకలో పండని కూర లేదు. కానీ మంచి వంకాయ బుట్టలోకి వెళ్తుంది, పుచ్చుది పొయ్యి మీదకొస్తుంది. చేప దొరికిన రోజున మగవాళ్ళు, పిల్లలు తిన్నాక పులుసు మిగులుతుంది, ముక్క మిగలదు. ఆడమనిషి ఆఖర్న తింటుంది. ఇది పేదింట్లోనే కాదు, గల్ఫ్ డబ్బుతో కట్టిన డాబాలోనూ చూశాను. అంగన్‌వాడీలో గుడ్డు అక్కడే కూర్చుని తినిపించిన రోజుల్లో గర్భిణి కడుపులోకి వెళ్ళింది, ఇంటికి పంపినప్పుడు ఇంట్లో చిన్నపిల్లాడి కడుపులోకి వెళ్ళింది. ఏ తల్లి పిల్లాణ్ణి పక్కన పెట్టుకుని గుడ్డు తనే తింటుందమ్మా? కాబట్టి మాట్లాడితే అత్తగారితో మాట్లాడండి. ఆవిడ ముందు కూర్చుని "మీ మనవడికి రక్తం ఇక్కణ్ణుంచే వెళ్ళాలండి" అన్నాక మరుసటివారం నుంచి ముక్క పక్కన పెట్టిన అత్తగార్లని చాలామందిని చూశాను. కోడలికోసం పెట్టని ముక్క మనవడికోసం పెడతారు. ఇది మనకి నచ్చాల్సిన సంగతి కాదు. తొమ్మిది నెలల గడువులో పనికొచ్చింది వాడుకున్నాను, అంతే.

మిగతా రాష్ట్రం కోనసీమని పచ్చగా చూస్తుంది. ధవళేశ్వరం ఆనకట్టని కాటన్ దొర 1852లో పూర్తి చేశాక కాలువల కింద ఊళ్ళు బాగుపడిన మాట నిజం. కానీ లంకలకి కాలువ రాదు. ఏటిగట్టు ఊళ్ళని కాపాడుతుంది, లంకలు మాత్రం రెండు గట్ల మధ్యన, ఏటి పొట్టలో ఉంటాయి. గట్టు ఎంత గట్టిదైతే నీళ్ళన్నీ అంత మధ్యలోకే వస్తాయి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది. చాలా లంకల కాజ్‌వేలు మొదటి హెచ్చరిక రాకముందే మునుగుతాయి. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. టీవీలవాళ్ళు అప్పుడు వచ్చారు. కానీ ఏటా టీవీలో రాని చిన్న వరద ఒకటో రెండో వస్తాయి, జనాన్ని అప్పుల్లో దించేవి అవే.

ఎలాగంటే, లంకలో సాగు చేసేవాళ్ళలో చాలామంది కౌలుకి చేస్తారు. కౌలు ముందే కట్టాలి. ఆగస్టులో అరటి, కూరగాయలు మునిగాయంటే పెట్టుబడి పోయింది, కౌలు పోయింది. కాగితం మీద పేరు లేకపోతే నష్టపరిహారం భూమి గలాయనకి వెళ్తుంది. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి మళ్ళీ నాట్లు వేస్తారు. ఆ ఇంట్లో అక్టోబరు నుంచి సంక్రాంతి దాకా ఏ ఖర్చైనా "కోతల తర్వాత" అవుతుంది. ముసలాయన కంటి ఆపరేషను కోతల తర్వాత. ఆవిడకి తెల్లబట్ట సమస్య కోతల తర్వాత. బీపీ మాత్రలు "ఇప్పుడు బాగానే ఉంది కదండి" అని మానేస్తారు. మీ రిజిస్టర్లో బీపీ వాళ్ళు రాని నెలలకి ఎదురుగా వరద తేదీలు వేసి చూడండి. నేను రిటైరయ్యే ముందు ఆ పని చేశాను, ఇరవయ్యేళ్ళ ముందే చెయ్యాల్సింది.

బీపీ మాటొచ్చింది కాబట్టి ఒకటి. ఒక మత్స్యకారుడు ప్రతి నెలా తప్పకుండా వచ్చి మందు పట్టుకెళ్ళేవాడు, బీపీ మాత్రం దిగేది కాదు. మోతాదు పెంచమని డాక్టరుగారికి రాయబోయాను. ఇంటికి వెళ్తే తెలిసింది, రోజు విడిచి రోజు ఆయనోటి, వాళ్ళావిడోటి వేసుకుంటున్నారని. ఆవిడకీ బీపీ. ఆవిడ ఎండుచేపల పని మానుకుని రాలేదు, రాని మనిషికి మనం మందు ఇవ్వం. వాళ్ళ తెలివికి వాళ్ళు పంచుకున్నారు.

ఊరు ఒకటే అనుకోకండి. ప్రతి లంకలోనూ ఊరుంది, దళితులుండే పేట ఉంది. నేను చేరిన కొత్తల్లో ఒక ఊళ్ళో టీకాలు రామాలయం అరుగు మీద వేసేవాళ్ళం. ఊరికి నడుమ, నీడ బాగుంటుంది, కరెంటుంది. పేట పిల్లల్లో సగం మంది రాకపోయేవాళ్ళు. రిజిస్టర్లో "తల్లికి ఆసక్తి లేదు" అని రాశాను. నా చేత్తో నేనే రాశాను, ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ అరుగు మీద వాళ్ళని ఎవరూ ఎప్పుడూ కూర్చోమనలేదన్న సంగతి నాకు ఏడాదికి గానీ తట్టలేదు. తర్వాత పేటలో చర్చి వరండాకి మార్చాను. పేట పిల్లలందరూ వచ్చారు, ఊళ్ళోవాళ్ళు మానేశారు. ఆఖరికి పొద్దున్న ఒకచోట, మధ్యాహ్నం ఒకచోట వేశాను. మందు పెట్టె మోసుకుని రెండుసార్లు తిరగడం తప్పలేదు. దీన్ని ఆదర్శమని చెప్పట్లేదు, టీకా ఆలస్యం కాకూడదు గనక అలా చేశాను. మీ క్లినిక్ ఏ వీధిలో ఉంది, అక్కడికి రావాలంటే ఎవరి ఇళ్ళ ముందు నుంచి నడవాలి, మంచినీళ్ళ కుళాయి ఎక్కడ ఆగిపోయింది అన్నవి ఒక సాయంత్రం నడిచి చూడండి. మ్యాపు అడక్కండి, నడవండి.

నీళ్ళ సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే మీ చేతుల్లో లేనిది అది. ఎగువ లంకల్లో ఇసుక బోరు నీళ్ళు తియ్యగా ఉంటాయి. సముద్రం వైపు వెళ్ళేకొద్దీ ఉప్పు. రొయ్యల చెరువులు దగ్గరికొచ్చిన చోట ఇంకా ఉప్పు. వేసవిలో కాలువలు కట్టేశాక మెరక మీది ఊళ్ళకీ ఇబ్బందే. నీళ్ళ టిన్ను కొనగలిగినవాడు కొంటాడు, కొనలేనివాడు బోరు తాగుతాడు. ఒకే ఊళ్ళో రెండు రకాల కడుపులు.

ఆడపిల్లల పెళ్ళిళ్ళ సంగతి మాత్రం తేలిగ్గా దాటలేను. అదే సర్వేలో 20-24 ఏళ్ళ ఆడవాళ్ళలో పద్దెనిమిది నిండకుండా పెళ్ళయినవాళ్ళు దేశంలో నూటికి 23.3 అయితే మన రాష్ట్రంలో 29.3. లంకలో ఇది ఎలా జరుగుతుందో నా కళ్ళతో చూసింది చెబుతాను. హైస్కూలు అవతలి ఒడ్డున. జూలైలో ఎర్రనీళ్ళు వస్తాయి, పడవ ఆగుతుంది, పిల్ల రెండు మూడు వారాలు బడి మానుతుంది. వరద తీశాక అబ్బాయి మళ్ళీ వెళ్తాడు. అమ్మాయికి ఇంట్లో పనులు అలవాటయ్యాయి, లెక్కలు వెనకబడ్డాయి, పడవలో పెద్ద మగపిల్లలున్నారని నాయనమ్మకి భయం. ఇంతకీ అమ్మ ఊళ్ళో లేదు, మస్కట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. వయసొచ్చిన పిల్లని కాపలా కాసే ఓపిక ఎనభయ్యేళ్ళ ముసలమ్మకి లేదు. మాఘమాసంలో సంబంధం చూస్తారు. పదిహేడేళ్ళకి ఆ పిల్ల మీ క్లినిక్కి ఎనిమిది గ్రాముల రక్తంతో వస్తుంది, వయసు పందొమ్మిదని చెబుతుంది, రెండు కేజీల బిడ్డని కంటుంది. మీరు ఆ బిడ్డ బరువు కార్డులో గీత కింద చుక్క పెడతారు. ఆ చుక్క అంగన్‌వాడీలో మొదలు కాలేదు, పడవ ఆగిన రోజున మొదలైంది.

గల్ఫ్ గురించి రెండు మాటలు. అక్కడి డబ్బుతో డాబాలు లేచాయి, బాకీలు తీరాయి, పిల్లలు ఇంగ్లీషు బళ్ళకి వెళ్ళారు. తప్పు పట్టను, ఆ తల్లులు పడే కష్టం నాకు తెలుసు. కానీ ఆ ఇళ్ళల్లో డబ్బు ఒకరి చేతిలో, నిర్ణయం ఇంకొకరి నోట్లో, పిల్ల మూడో మనిషి ఒడిలో. పిల్లాడికి జ్వరమొస్తే నాయనమ్మ ఫోను కోసం ఎదురుచూస్తుంది. అక్కడ యజమానురాలు ఫోను ఇచ్చేది రాత్రే.

ఎదురుచూపు అన్నాను కదా, ఎవరు "పదండి" అంటారన్నది కిలోమీటర్ల కన్నా పెద్ద దూరం. కాన్పు మరణాల గురించి ట్రైనింగుల్లో మూడు ఆలస్యాలు చెబుతారు: నిర్ణయానికి, ప్రయాణానికి, వెళ్ళాక వైద్యం అందడానికి. లంకలో మనం అందరం రెండోదాన్నే చూస్తాం, ఎందుకంటే పడవ కంటికి కనిపిస్తుంది. 2006 వరదలు తీశాక ఒక చేలో ముప్పై ఏళ్ళ మనిషిని రక్తపింజర కరిచింది. పడవ రేవులోనే ఉంది, పడవవాడు సిద్ధంగానే ఉన్నాడు. భర్త రాజమండ్రి పనికెళ్ళాడు. అత్తగారు "వాడొచ్చాక" అంది, మంత్రం వేసే ఆయన్ని పిలిచింది. మూడు గంటలు గడిచాయి. నేను చేరేసరికి చిగుళ్ళలోంచి రక్తం. బతికింది గానీ మూత్రపిండాలు దెబ్బతిని కొన్నాళ్ళు డయాలసిస్ మీద ఉంది. ఆ అత్తగారు దుర్మార్గురాలు కాదు. కొడుకు లేనప్పుడు కోడలి మీద డబ్బు ఖర్చుపెట్టే నిర్ణయం ఆవిడ జన్మలో ఎప్పుడూ తీసుకోలేదు, అంతే. పాము మందు ప్రభుత్వాసుపత్రిలో ఉచితమని ఆవిడకి తెలియదు. అవగాహన పనికొచ్చే చోటంటే ఇది. అయితే ఆ ముక్క కోడలికి చెప్పి లాభం లేదు, అత్తగారికి చెప్పాలి.

వరద రోజుల గురించి పుస్తకాల్లో సరిగా రాయనిది ఒకటి చెబుతాను. గట్టు మీద టార్పాలిన్ల కింద వారం పది రోజులు ఉంటారు. మనం విరేచనాలకీ జ్వరాలకీ మందులు పట్టుకెళ్తాం, క్లోరిన్ బిళ్ళలు పంచుతాం. అక్కడ ఆడవాళ్ళకి మరుగు లేదు, లంకలో కట్టిన మరుగుదొడ్లు నీళ్ళలో ఉన్నాయి. చీకటి పడేదాకా వెళ్ళడానికి లేదు కాబట్టి పొద్దుణ్ణుంచి నీళ్ళు తాగడం మానేస్తారు, గర్భిణులు కూడా. నాలుగో రోజుకి మూత్రంలో మంట, చలిజ్వరం. నెలసరి అయినవాళ్ళ అవస్థ చెప్పనక్కర్లేదు. మొదటి ఏళ్ళలో నేను అవి వరద జ్వరాలనుకుని పారాసిటమాల్ ఇచ్చాను. తర్వాత మందుల పెట్టెతోబాటు నాలుగు వెదురు కర్రలు, రెండు పాత చీరలు, బట్ట నేప్‌కిన్లు పట్టుకెళ్ళడం మొదలుపెట్టాను. చాటు కట్టిన పూటే ఆడవాళ్ళు మంచినీళ్ళ డ్రమ్ము దగ్గరికొచ్చారు.

బోదకాలు మాత్రలూ అంతే. పంచినవన్నీ మింగినట్టు రాస్తాం. పగలు వేసుకుంటే తలతిప్పు, ఒళ్ళునొప్పులు వచ్చి మర్నాడు దింపు ఎక్కలేనని కొబ్బరి దింపేవాళ్ళు జేబులో వేసుకుంటారు. తల తిరిగితే కొబ్బరిచెట్టు మీద ఏమవుతుందో వాళ్ళకి తెలుసు. రాత్రి భోజనాలయ్యాక ఇంటింటికీ వెళ్ళి కళ్ళముందు మింగించాం. అదీ పెద్ద వానరోజుల్లో, ఎందుకంటే వాన పడితే దింపు ఉండదు.

మీరు నమ్మకపోతే ఒక పెద్ద సాక్ష్యం ఉంది. నేను చేరినప్పుడు లంకల్లో కాన్పులు చాలావరకు ఇంట్లోనే, మంత్రసాని చేతుల్లో. మేం "ఆసుపత్రికి రండి" అని గొంతు పోయేలా చెప్పాం. పెద్దగా రాలేదు. 2005లో 108 అంబులెన్సు వచ్చింది, ఆశా కార్యకర్తలు వచ్చారు, కాన్పుకి డబ్బు చేతికివ్వడం వచ్చింది. 2019-21 సర్వే నాటికి రాష్ట్రంలో ఆసుపత్రి కాన్పులు నూటికి 96.5. పదిహేనేళ్ళలో జనం బుర్ర మారిపోయిందా? కొంత మారింది. ఎక్కువగా ఆ రోజు ఖరీదుని ప్రభుత్వం తన మీద వేసుకుంది. బండి వచ్చింది, తోడుగా ఆశా వచ్చింది, పోయిన కూలికి బదులు కాస్త డబ్బొచ్చింది. క్షయ రోగులకి 2018 నుంచి నెలకి 500 పోషకాహారానికి ఇవ్వడం, 2024లో దాన్ని 1,000 చేయడం కూడా అలాంటిదే. ఖరీదు తగ్గించిన చోటల్లా జనం వచ్చారు. బీపీకి, రక్తహీనతకి ఆ పని ఎవరూ చెయ్యలేదు, అందుకే రాలేదు.

అలాగని తప్పంతా సమాజం మీద నెట్టేసి మనం చేతులు దులుపుకోకూడదు. స్టాకు లేని రోజున వచ్చిన మనిషి మళ్ళీ రాదు, ఎందుకంటే ఆమె రోజు ఊరికే పోయింది. ఒక ఆసుపత్రిలో, పేరెందుకులెండి, స్టాఫ్ ఒకామె పేట నుంచి వచ్చిన గర్భిణిని "స్నానం చేసి రాలేవా" అంది. ఆ ఒక్క మాటకి ఆ వీధి మొత్తం ఆర్నెల్లు అటు వెళ్ళలేదు. లంకలో మాట పడవ కన్నా ముందు చేరుతుంది. సారా, మందు గురించి నేను ఎక్కువ రాయలేదు. అది లేక కాదు, కూలి డబ్బులో సగం అటే పోయే ఇళ్ళు ప్రతి వీధిలో ఉన్నాయి. నా ఉద్యోగంలో నేను దానిమీద ఏమీ చెయ్యలేకపోయాను గనక సలహా ఇచ్చే అర్హత లేదు.

మరి మీరు ఏం చెయ్యగలరు? నేను చేసి పనికొచ్చినవి చెబుతాను.

వారంలో రెండు సాయంత్రాలు రేవులో కూర్చోండి. పడవ కోసం ఆడవాళ్ళు అరగంట ఎలాగూ ఆగుతారు. బీపీ మిషను, రక్తం చూసే పరికరం అక్కడే పెట్టుకోండి. వాళ్ళ రోజులో ఎవరూ కొనని అరగంట అదొక్కటే. నేను చేసినవాటిలో ఎక్కువ ఫలితమిచ్చింది ఇదే.

బీపీ, షుగరు నిలకడగా ఉన్నవాళ్ళకి వరదల ముందు రెండు మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వడానికి మీ మెడికల్ ఆఫీసరుగారితో మాట్లాడి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. నోటిమాట మీద ఇవ్వకండి, రేపు లెక్క మీరు చెప్పాలి.

మే నెలలోనే జూలై, ఆగస్టు, సెప్టెంబరుల్లో కాన్పు అయ్యేవాళ్ళ జాబితా రాయండి. ఒక్కొక్కరికి అవతలి ఒడ్డున ఏ చుట్టాలింట్లో ఉంటారో ఇప్పుడే అడగండి. తేదీ అడగడం తేలిక, "నువ్వు వెళ్తే పెద్దపిల్లని ఎవరు చూస్తారు, గేదెకి ఎవరు గడ్డి వేస్తారు" అని అడగండి. వెళ్ళకపోవడానికి కారణం చాలాసార్లు గేదే. నవ్వకండి, నేను ఒక గేదెని వాళ్ళ తోటికోడలి పాకలో కట్టించి మరీ గర్భిణిని పడవెక్కించాను.

రిజిస్టర్లో ఇంకో గడి మీరే గీసుకోండి, "ఎందుకు రాలేదు" అని. అందులో "అవగాహన లేదు", "ఆసక్తి లేదు" అని రాయకూడదని మీకు మీరే నియమం పెట్టుకోండి. కోత, పడవ లేదు, తోడు లేదు, అత్తగారు వద్దన్నారు, పోయినసారి మందు లేదు, ఇలా రాయండి. ఆరునెలల తర్వాత ఆ కాగితం పట్టుకుని మండల మీటింగుకి వెళ్తే పడవ టైము గురించి, అంగన్‌వాడీ చోటు గురించి మాట్లాడటానికి మీ చేతిలో ఆధారం ఉంటుంది. ఆరోగ్యశాఖ పడవ నడపదు, బడి నడపదు, కౌలు కార్డు ఇవ్వదు. ఇచ్చేవాళ్ళు కూర్చునే బల్ల దగ్గర మీరు చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన ఒక కమిషన్ 2008లో ఇదే చెప్పింది, మనుషులు పుట్టి, పెరిగి, పనిచేసే పరిస్థితులే ఆరోగ్యాన్ని నిర్ణయిస్తాయని. వాళ్ళు ప్రపంచమంతా తిరిగి చెప్పారు, మీకు ఒక రేవు చాలు.

ఆర్‌ఎంపీతో తగువు పెట్టుకోకండి. ఆయన మీకన్నా ముందు వచ్చాడు, మీరు బదిలీ అయ్యాక కూడా ఉంటాడు. "రక్తం 7 కన్నా తక్కువైనా, గర్భిణికి బీపీ పెరిగినా, పాము కరిచినా, పిల్లాడు పాలు తాగకపోయినా నాకు ఫోను చెయ్యండి" అని ఒక్క కాగితం ఇవ్వండి. నేను ఇచ్చినవాళ్ళలో ఇద్దరు ఎప్పుడూ చెయ్యలేదు. ఒకాయన చేశాడు, అర్ధరాత్రి కూడా.

ఇక ఇల్లు సంగతి. ఏడాదంతా లంకలో ఉండమని నేను అనను. మీకూ పిల్లలుంటారు, చదువులుంటాయి, ఒంటరిగా ఉండే ఇబ్బందులు నాకు తెలుసు. జూలై నుంచి సెప్టెంబరు దాకా మాత్రం ఊళ్ళో ఒక గది తీసుకోండి, డాబా ఉన్న ఇంట్లో, వీలైతే మేడ మీద. మిగతా నెలల్లో వెళ్ళి రావచ్చు, కానీ మొదటి పడవకి రండి, ఆఖరి పడవకి వెళ్ళండి. మీరు పడవలో కూర్చున్న గంటే జనం మీతో అసలు సంగతులు మాట్లాడతారు. పడవవాడి నంబరు ఫోన్లోనే కాకుండా క్లినిక్ గోడ మీద కూడా సున్నంతో రాయించండి. 2022లో నా ఫోను మొదటి రోజే తడిసిపోయింది.